కొత్త కంప్యూటర్లో డిస్కు మొరాయిస్తే



బ్రాండెడ్ కంప్యూటరు కొనుక్కున్నవాళ్లకు ఒక సుఖం ఉంది. ఏది చెడినా బిల్లు ఒకటే, వారంటీ ఒకటే, ఫోను చేసి నిలదీయాల్సిన మనిషీ ఒకడే. విడి సామాను తెచ్చి ఇంట్లో బిగించుకున్నవాళ్లకు ఆ సుఖం లేదు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది కదా, అందరూ సీటీసీ అనేది, అక్కడ ఒక పూట తిరిగితే మదర్‌బోర్డు ఒక కొట్లో, ర్యామ్ పక్క కొట్లో, క్యాబినెట్ మరో అంతస్తులో దొరుకుతాయి. హార్డ్ డిస్కేమో ఆన్‌లైన్‌లో కాస్త చవకగా వస్తోందని తెప్పిస్తారు. చివరికి ఇంట్లో తేలేది ఒక కంప్యూటరూ, అరడజను అట్టపెట్టెలూ, అరడజను వారంటీలూ. తీరా డిస్కు మొరాయిస్తే, డిస్కు అమ్మినవాడు ‘ముందు మీ ఎస్ఎంపీఎస్ చూపించుకోండి సార్’ అంటాడు. ఎస్ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకు కరెంటిచ్చే పెట్టె, అమ్మినవాడు ‘డిస్కు మార్చుకోండి’ అంటాడు. చిక్కేమిటంటే ఇద్దరి మాటలోనూ నిజం ఉండొచ్చు. తగవు తీర్చాల్సింది మనమే.

కొత్తగా కట్టిన కంప్యూటర్లో డిస్కు దగ్గర బయటపడే తప్పంతా డిస్కుదే కానక్కర్లేదు. అలాగని తీగనీ, కరెంటునీ అనుమానిస్తూ తీరిగ్గా కూర్చుంటే, ఈలోపు డిస్కులో ఉన్నది కాస్తా పోతుంది. ఈ రెండిటి మధ్యా ఏది ముందు, ఏది తర్వాత అన్నదాని గురించే ఈ పది నిమిషాలూ మాట్లాడతాను.

నేను చెబుతున్నది తిరిగే డిస్కు గురించి. ఇవాళ ఇంట్లో కంప్యూటరు కట్టుకునేవాళ్లు చాలామంది విండోస్ కోసం చిన్న ఎస్ఎస్‌డీ ఒకటి, ఫొటోలకూ వీడియోలకూ పెద్ద హార్డ్ డిస్కు ఒకటి పెడుతున్నారు. ఈ రెండోది పాత జాతి సరుకు. 1956లో ఐబీఎం కంపెనీ రామాక్ అనే యంత్రంతో మొదటి హార్డ్ డిస్కు తెచ్చినప్పుడు అందులో రెండేసి అడుగుల వెడల్పున్న పళ్లాలు యాభై ఉండేవి. అన్నీ కలిపి పట్టింది యాభై లక్షల అక్షరాలు. ఇవాళ్టి ఫోనుతో తీసిన ఒక్క ఫొటోకి అది సరిపోయీ సరిపోనట్టు. పళ్లేలు చిన్నవయ్యాయి గానీ పద్ధతి అదే: అయస్కాంత పూత పూసిన పళ్లెం గిర్రున తిరుగుతుంది, దాని మీద కొన్ని నానోమీటర్ల ఎత్తున, తగిలీ తగలకుండా, రాసే చదివే హెడ్డు తేలుతుంది. చాలావాటిలో నిమిషానికి 7200 చుట్లు, అంటే సెకనుకు 120.

ఈ 120ని కాస్త గుర్తుంచుకోండి. కంప్యూటరు ఎందుకు హ్యాంగ్ అవుతుందో దీంతోనే అర్థమవుతుంది. పళ్లెం మీద ఒకచోట డేటా సరిగ్గా చదవడానికి రాలేదనుకోండి. డిస్కు వెంటనే చేతులెత్తేయదు, మళ్లీ ప్రయత్నిస్తుంది. కానీ ఆ చోటు తిరిగి హెడ్డు కిందికి రావాలంటే ఒక పూర్తి చుట్టు తిరగాలి. వందసార్లు ప్రయత్నిస్తే దగ్గర దగ్గర సెకను. వేలసార్లు ప్రయత్నిస్తే? ఆ పదుల సెకన్లూ విండోస్ గుడ్లప్పగించి చూస్తుంటుంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్కు నూటికి నూరు శాతం బిజీ అని ఉంటుంది, పక్కనే వేగం మాత్రం సున్నా. ఈ రెండూ కలిసి కనబడ్డాయంటే డిస్కు ఒకేచోట కొట్టుకుంటూ ఉండొచ్చని అర్థం.

అయితే రోగమే కాని రోగాలు కొన్ని ఉన్నాయి, ముందు వాటిని పక్కన పెడదాం. కొత్త డిస్కు బిగించారు, విండోస్‌లో కనబడలేదు. చెడిపోలేదది. కొత్త డిస్కుకు పార్టిషన్ ఉండదు కాబట్టి డ్రైవు అక్షరం ఉండదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఇనిషియలైజ్ చేసి, ఫార్మాట్ కొట్టాలి. అక్కడ ఎంబీఆరా, జీపీటీయా అని అడుగుతుంది. ఎంబీఆర్ ఎంచుకుంటే రెండు టెరాబైట్లు దాటిన జాగా వాడుకోలేం, కాబట్టి జీపీటీ అనండి. ఒక టెరాబైట్ డిస్కు 931 జీబీగా కనబడితే షాపువాడు మోసం చేశాడనుకోకండి, కంపెనీవాళ్లు వెయ్యి లెక్కన, విండోస్ 1024 లెక్కన కొలవడంలో వచ్చిన తేడా అది. ఇక బయోస్‌లోనే కనబడకపోతే? మదర్‌బోర్డుతో వచ్చిన పుస్తకం తీయండి. చాలా బోర్డుల్లో ఎం.2 స్లాటులో ఎస్ఎస్‌డీ పెడితే హార్డ్ డిస్కు తగిలించే సాటా పోర్టుల్లో ఒకటో రెండో పనిచేయడం మానేస్తాయి. దారి రెండింటికీ ఒకటే కావడం కారణం. ఆ సంగతి పుస్తకంలో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. డిస్కును పక్క పోర్టులో గుచ్చితే సరి. ఈ ఒక్క కారణంతో నిక్షేపంలాంటి డిస్కులు ఎన్ని వెనక్కి వెళ్తుంటాయో!

ఇప్పుడు అసలు రోగం.

కాకినాడలో మా అన్నయ్య కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. సామానంతా తనే ఏరి తెచ్చి కంప్యూటరు కట్టుకున్నాడు. నెల తిరక్కుండానే ఫోను.

‘బాబాయ్, డి డ్రైవు మాయమైపోతోంది. కాసేపటికి మళ్లీ దానంతటదే వస్తోంది.’

‘ఏం చేస్తుంటే?’

‘అక్క పెళ్లి వీడియోలు పాత ల్యాప్‌టాప్ నుంచి ఎక్కించాను. అవి తెరుస్తుంటే ఆగిపోతోంది.’

‘ల్యాప్‌టాప్‌లో ఇంకా ఉన్నాయా అవి?’

అవతల కాస్త నిశ్శబ్దం. ‘కట్ చేసి పేస్ట్ చేశాను బాబాయ్.’

అంటే ప్రపంచం మొత్తం మీద ఆ పెళ్లి ఉన్నది ఆ మొరాయిస్తున్న డిస్కులోనే. వాడు అప్పటికే రిపేరు వీడియోలు చూసి చెక్‌డిస్క్ కమాండ్ కొట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. వద్దన్నాను. డ్రైవులో తేడా వస్తే మనవాళ్ల చేయి ముందు దాని మీదికే పోతుంది కాబట్టి దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. చెక్‌డిస్క్‌కు ‘ఆర్’ అనే స్విచ్చి తగిలిస్తే అది డిస్కులో ప్రతి గడినీ, అంటే సెక్టారునీ, చదివి చూస్తుంది. బాగున్న డిస్కుకు అది పరీక్ష, ప్రాణం మీదికొచ్చిన డిస్కుకు గంటల తరబడి వెట్టిచాకిరీ. పైగా అది కాపాడేది ఫైల్ సిస్టమ్ సక్రమంగా ఉండడాన్ని, మీ ఫైళ్లను కాదు. లెక్క కుదరని ముక్కలన్నిటినీ ‘ఫౌండ్’ అని ఒక ఫోల్డరు చేసి, పేరూ ఊరూ లేకుండా అందులో పడేస్తుంది. పెళ్లి వీడియో ముక్కలై అక్కడ తేలితే దాన్ని అతికేవాళ్లు ఎవరూ ఉండరు.

కాబట్టి డేటా బయటపడేదాకా రిపేరు అనే మాటే ఎత్తకూడదు. ఫార్మాట్ కొట్టడం, డీఫ్రాగ్ చేయడం, ఎర్రర్ చెకింగ్ పెట్టడం, అన్నీ తర్వాతే. అంతకు ముందు చేయదగ్గ పనులు రెండే రెండు, ఎందుకంటే ఆ రెండూ డిస్కును శ్రమపెట్టవు. ఒకటి డిస్కు రాసుకున్న చిట్టా చదవడం, రెండు కేబుల్ మార్చడం.

చిట్టా అన్నాను. ప్రతి హార్డ్ డిస్కూ తన ఆరోగ్యం గురించి తనే లెక్కలు రాసుకుంటూ ఉంటుంది. దాన్ని స్మార్ట్ అంటారు. చదవడానికి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది, లినక్స్ వాడేవాళ్లకు స్మార్ట్‌మాన్‌టూల్స్ ఉంది. తెరవగానే నీలం రంగులో ‘గుడ్’ అనో, పసుపు రంగులో ‘కాషన్’ అనో పెద్దగా కనిపిస్తుంది. ఆ రంగు చూసి తేల్చేయకండి. కిందికి దిగి నాలుగు వరుసలు చూడండి: 05, సీ5, సీ6, సీ7. ప్రతి వరుసకూ కుడి చివర ఉండే రా వాల్యూ, అంటే అసలు లెక్క, మనకు కావాల్సింది. అది మామూలుగా పదహార్ల లెక్కలో ఉంటుంది. అక్కడ 10 అని కనబడితే అది పది కాదు, పదహారు. సెట్టింగుల్లోకి వెళ్లి మామూలు అంకెల్లోకి మార్చుకోవచ్చు.

ఈ నాలుగూ ఏం చెబుతాయో చూద్దాం. డిస్కులో ఒక గడి చదవడానికి రాకపోతే దాన్ని అనుమానితుల పట్టీలో వేస్తుంది. అది సీ5, పెండింగ్ సెక్టార్లు. తర్వాత ఎప్పుడైనా ఆ గడి మీద కొత్తగా ఏదైనా రాయాల్సి వస్తే అప్పుడు తేల్చుకుంటుంది. రాయగలిగితే పేరు కొట్టేస్తుంది. రాయలేకపోతే ఆ గడిని శాశ్వతంగా వదిలేసి, ఇలాంటి అవసరానికని ముందే దాచిన స్పేరు గడుల్లోంచి ఒకటి తీసి దాని బదులు ఇస్తుంది. రైల్లో బెర్తు విరిగితే టీసీ వేరే బెర్తు చూపిస్తాడు కదా, మన టికెట్టు మీద నంబరు మాత్రం మారదు, అలాగన్నమాట. విండోస్‌కు ఈ మార్పిడి సంగతే తెలియదు. ఇలా మార్చిన గడుల లెక్క 05లో చేరుతుంది. సీ6 అంటే డిస్కు ఖాళీగా ఉన్నప్పుడు తనే చేసుకున్న తనిఖీలో చదవలేకపోయినవి. మన సర్వీసు సెంటర్లలో ‘బ్యాడ్ సెక్టార్లు పడ్డాయి సార్’ అంటారే, ఆ మాటకు సాక్ష్యం ఈ మూడు వరుసల్లోనే ఉంటుంది.

సీ7 సంగతి వేరు. డిస్కు సరిగ్గానే చదివింది, కానీ మదర్‌బోర్డుకు చేరేలోపు దారిలో పాడైంది, మళ్లీ పంపాల్సి వచ్చింది. అలా ఎన్నిసార్లు జరిగిందో దాని లెక్క. ఇది పెరుగుతోందంటే పళ్లేనికీ హెడ్డుకూ సంబంధం లేదు, వేలు చూపించేది తీగ వైపు. డిస్కుదా, కేబుల్‌దా అన్న తగవులో ఇంతకంటే మంచి సాక్షి దొరకదు.

మావాడు స్క్రీన్‌షాట్ పంపాడు. 05 దగ్గర సున్నా. సీ7 దగ్గర 2ఎఫ్, అంటే 47. సీ5 దగ్గర 10, అంటే పదహారు. ఇప్పటి డిస్కుల్లో అసలు గడి 4096 బైట్లది, కానీ లెక్క చాలావాటిలో పాతకాలపు 512 బైట్ల గళ్లల్లో చూపిస్తారు. అందుకే ఈ సంఖ్య తరచూ ఎనిమిదీ, పదహారూ, ఇరవై నాలుగూ అంటూ ఎనిమిదుల్లో పెరుగుతుంది. పదహారంటే నిజానికి చదవలేకపోయిన గళ్లు రెండే. రెండంటే తక్కువే. కానీ నెల రోజుల డిస్కులో రెండు.

సీ7 ఉంది కాబట్టి క్యాబినెట్ తలుపు తీయమన్నాను. ప్లగ్గు పీకి మరీ తీయండి ఎవరైనా. ఎర్తింగ్ లేని సాకెట్లయితే క్యాబినెట్ ముట్టుకుంటేనే చెయ్యి జివ్వుమంటుంది, మన ఇళ్లలో ఇది మామూలే అయిపోయింది, కానీ మామూలు కావాల్సిన విషయం కాదు. సరే, లోపల చూస్తే దొరికింది. సాటా కేబుల్ చివర ఎల్ ఆకారంలో ఒక చిన్న గాడి ఉంటుంది, గుచ్చితే టిక్కుమని పట్టుకోవాలి. వాడు బిగించింది ఇరుకు క్యాబినెట్. వెనక తలుపు మూసినప్పుడల్లా అది కేబుల్‌ను నొక్కి, కనెక్టర్ ఒకవైపు పైకి లేచి నిలబడుతోంది. ఏడు పిన్నులు ఆనీ ఆనకుండా ఉన్నాయన్నమాట. బోర్డు డబ్బాలో వచ్చిన రెండో కేబుల్, మెడ వంగినది, తీసి పెట్టాడు. పోర్టూ మార్చాడు. డ్రైవు మాయమవడం ఆగిపోయింది. సీ7 మాత్రం 47 దగ్గరే ఉంది. వాడు కంగారు పడ్డాడు గానీ ఆ అంకె తగ్గేది కాదు, జన్మలో జరిగినవన్నీ అందులో ఉంటాయి. అక్కణ్ణుంచి పెరగకపోతే చాలు.

ఇక్కడే చాలామంది కథ అయిపోయిందనుకుని తలుపు మూసేస్తారు. రోగం దొరికింది, మందు పడింది, కంప్యూటరు పరుగెడుతోంది. కానీ సీ5లో పదహారు ఏమైనట్టు? కేబుల్ వదులైతే సీ5 పెరగదు. అంటే దొంగలు ఇద్దరున్నారు.

కాబట్టి కాపీ. కొత్తగా ఇంకో డిస్కు తెప్పించి, ఏది మళ్లీ దొరకదో అది ముందు ఎక్కించమన్నాను. ఫొటోలు, వీడియోలు, సర్టిఫికెట్ల స్కాన్లు. గేములూ సినిమాలూ ఆఖర్న, రాకపోయినా ఏడ్చేదేం లేదు. ఒక్కసారిగా మొత్తం సెలెక్ట్ చేసి లాగొద్దు, ఫోల్డరు తర్వాత ఫోల్డరు. ఏ ఫైలు దగ్గరైనా ఆగిపోతే దాన్ని వదిలేసి తర్వాతిదానికి పోవాలి, మొండికేసి మళ్లీ మళ్లీ ప్రయత్నించకూడదు. అలా చేస్తే ఒక్క పెళ్లి వీడియో తప్ప అన్నీ వచ్చేశాయి. ఆ ఒక్కదానికి డీడీరెస్క్యూ అనే సాధనం వాడాం. అది లినక్స్‌లో నడుస్తుంది, లినక్స్‌ను పెన్‌డ్రైవులో వేసుకుని నడపొచ్చు. దాని తెలివి ఎక్కడుందంటే, ముందు తేలిగ్గా వచ్చేవన్నీ తెచ్చేసుకుంటుంది, కష్టమైనచోట ఆగకుండా దాటేసి, ఎక్కడెక్కడ వదిలిందో ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది. తర్వాత తీరిగ్గా ఆ గుంటల దగ్గరికి తిరిగొస్తుంది. మధ్యలో కరెంటు పోయినా ఆ మ్యాప్ ఉంటే వదిలినచోటి నుంచే మొదలుపెట్టొచ్చు. వీడియో వచ్చింది. తలంబ్రాల దగ్గర ఒక్క క్షణం బొమ్మ గళ్లుగళ్లుగా చెదురుతుంది, అంతే.

ఇదంతా డిస్కు ఇంకా తిరుగుతున్నప్పటి మాట. చప్పుడు మారితే పద్ధతి మారుతుంది. ‘టక్’... ‘టక్’... ‘టక్’ అని ఒకే లయలో కొట్టుకుని, కాసేపాగి మళ్లీ మొదలైతే, హెడ్డు పళ్లెం మీద తన దారి గుర్తులు వెతుక్కుని, దొరక్క వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్తోందని అర్థం. సన్నగా ‘బీప్... బీప్’ అని డిస్కులోంచే వస్తే, మోటారు తిరగడానికి ప్రయత్నించి తిరగలేకపోతోంది. గరగరమని రాపిడి వినిపిస్తే హెడ్డు పళ్లేన్ని గీరుతోంది. ఈ మూడిటిలో ఏది విన్నా వెంటనే ఆపేయండి. ఆ డేటా విలువైనదైతే ధూళి లేని గదిలో డిస్కు విప్పగలిగే రికవరీ వాళ్ల దగ్గరికే తీసుకెళ్లాలి, అది ఖరీదైన వ్యవహారం. ఇంట్లో మూత విప్పకండి, నానోమీటర్ల సందులో మన గదిలోని ఒక్క ధూళి కణం బండరాయి. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని ఒక పాత చిట్కా ఇంకా తిరుగుతోంది. బయటికి తీయగానే పళ్లేల మీద తేమ పట్టి, ఉన్న ఆశ కూడా పోతుంది. అయితే ప్రతి చప్పుడుకూ ఉలిక్కిపడక్కర్లేదు. కంప్యూటరు ఆపినప్పుడు వినపడే ఒక్క ‘టక్’ హెడ్డు తన చోట ఒదిగిన చప్పుడు. క్యాబినెట్ ఫ్యానుకు తీగ తగిలి వచ్చే టకటకను డిస్కు చావు అనుకున్నవాళ్లూ లేకపోలేదు, చెవి దగ్గర పెట్టి వింటే తేడా తెలుస్తుంది.

డేటా బయటపడింది కదా, ఇప్పుడు తీరిగ్గా నేరస్థుణ్ణి పట్టుకోవచ్చు. సీ5 పెరగడానికి కారణం పళ్లెం మీద మచ్చే కానక్కర్లేదు. రాస్తూ రాస్తూ ఉండగా కరెంటు తెగితే ఆ గడి సగం రాతతో మిగిలిపోతుంది. తర్వాత చదివినప్పుడు లెక్క కుదరదు, పెండింగ్‌లో పడుతుంది. యూపీఎస్ లేకుండా వాడే ఇళ్లలో ఇది జరిగేదే. ఎస్ఎంపీఎస్ నీరసంగా ఉన్నా అంతే. డిస్కు మోటారుకు పన్నెండు వోల్టులు, దాని సర్క్యూటుకు ఐదు వోల్టులు కావాలి, అటూ ఇటూ ఐదు శాతానికి మించి తేడా రాకూడదు. పన్నెండుకు 11.4 కంటే తగ్గినా, 12.6 కంటే పెరిగినా తప్పే. బయోస్‌లో హార్డ్‌వేర్ మానిటర్ అనే పేజీలో ఇవి కనిపిస్తాయి, అంత నిక్కచ్చి లెక్కలు కావు గానీ మరీ దారి తప్పితే తెలుస్తుంది. క్యాబినెట్‌తో పాటు ‘ఫ్రీ’గా వచ్చే ఎస్ఎంపీఎస్ మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. పాత మోలెక్స్ తీగను సాటాగా మార్చే చవక కన్వర్టర్ల మీద అంతకంటే లేదు, అచ్చుపోసిన ప్లాస్టిక్ కనెక్టరుతో వచ్చే రకంలో లోపలి తీగలు ఒకదానికొకటి తగిలి కాలిపోయిన సందర్భాలున్నాయి. ఇంకో ప్రమాదం, తీగలు ఊడదీసే వీలున్న మాడ్యులర్ ఎస్ఎంపీఎస్‌లతో వచ్చేది: పాత ఎస్ఎంపీఎస్ తీగ కొత్తదానికి అచ్చంగా సరిపోతుంది, కానీ లోపల వోల్టుల వరస వేరుగా ఉంటుంది. స్విచ్చి వేసిన మరుక్షణం డిస్కు సర్క్యూటు కాలిన వాసన. ఎస్ఎంపీఎస్ మారిస్తే దాని తీగలే వాడాలి.

మచ్చా, సగం రాతా అని తేల్చడానికి ఒక మార్గముంది. డిస్కు మొత్తం మీద కొత్తగా రాయడం. విండోస్‌లో ఫార్మాట్ కొట్టేటప్పుడు ‘క్విక్ ఫార్మాట్’ అన్నచోట టిక్కు తీసేస్తే అది డ్రైవంతా సున్నాలు నింపుకుంటూ పోతుంది. రెండు టెరాబైట్లకు గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోవాలి. తెల్లారి సీ5 సున్నా అయి, 05 కూడా సున్నాగానే ఉంటే పళ్లెం నిర్దోషి, కరెంటును చూసుకోండి. సీ5లోంచి తగ్గినవి 05లోకి వచ్చి చేరితే మచ్చ నిజమైనదే. తర్వాత డిస్కు చేత దాని సొంత పెద్ద పరీక్ష, ఎక్స్‌టెండెడ్ టెస్ట్ అంటారు, చేయించాలి. మావాడి డిస్కులో తెల్లారేసరికి 05 సున్నా నుంచి పదహారైంది, పెద్ద పరీక్ష ఇంకోచోట ‘రీడ్ ఫెయిల్యూర్’ అని మధ్యలోనే ఆగిపోయింది. ఇక వాదనేం లేదు.

ర్యామ్ గురించి కూడా ఒక మాట. కాపీ చేసిన జిప్ ఫైళ్లు తెరుచుకోకపోవడం, ఇన్‌స్టాలేషన్ ఒక్కోసారి ఒక్కోచోట ఆగిపోవడం జరుగుతూ, స్మార్ట్‌లో నాలుగు వరుసలూ సున్నాలైతే డిస్కును వదిలేయండి. మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవులో వేసి రాత్రంతా నడపండి. ర్యామ్‌లో పాడైన అక్షరం డిస్కులోకి బుద్ధిగా పాడైనట్టే రాయబడుతుంది, నింద మాత్రం డిస్కుది.

సీ5 రెండు గళ్లేగా, వాడుకుందాం అనేవాళ్లు ఉంటారు. 2007లో గూగుల్ ఇంజినీర్లు తమ దగ్గరున్న లక్షకు పైగా డిస్కులను పరిశీలించి ఒక పత్రం ప్రకటించారు. తనిఖీలో మొదటి తప్పు కనబడ్డ డిస్కు, అలాంటిది లేని డిస్కు కంటే, ఆ తర్వాతి 60 రోజుల్లో చెడిపోయే అవకాశం 39 రెట్లు ఎక్కువని తేలింది. అదే పత్రంలో ఇంకో సంగతీ ఉంది, దాన్ని ఎవరూ అంతగా చెప్పరు. చెడిపోయిన డిస్కుల్లో మూడో వంతుకు పైగా, 36 శాతం, స్మార్ట్‌లో ఏ హెచ్చరికా ఇవ్వకుండానే చెడిపోయాయి. అంటే స్మార్ట్ చెడ్డ మాట చెబితే నమ్మాలి, మంచి మాట చెబితే అంతగా నమ్మకూడదు.

మిగిలింది వారంటీ. డిస్కు కంపెనీ వెబ్‌సైట్లో సీరియల్ నంబరు కొడితే ఎన్నాళ్లుందో చెబుతుంది. కొన్నిసార్లు అక్కడే అసలు గుట్టు బయటపడుతుంది. నిన్న కొన్న డిస్కుకు వారంటీ రెండేళ్ల కిందట మొదలైనట్టు చూపిస్తుంది, లేదా మన దేశంలో వర్తించదంటుంది. స్మార్ట్‌లో 09 వరుస, అంటే తిరిగిన గంటల లెక్క, కొత్త డిస్కులో పదిలోపు ఉండాలి. వేలల్లో ఉంటే అది ఎవరో వాడి వదిలేసింది. అయితే సున్నా ఉన్నంత మాత్రాన ధీమా పడకండి. 2025 మొదట్లో జర్మనీలో బయటపడ్డ వ్యవహారంలో, వేల గంటలు తిరిగిన డిస్కుల్లో ఆ లెక్క చెరిపేసి కొత్తవిగా అమ్మారు. లోపల వేరేచోట కంపెనీ రాసుకునే ఇంకో లెక్క చూస్తే గానీ సంగతి తెలియలేదు.

వెనక్కి పంపేటప్పుడు డ్రైవంతా సున్నాలు నింపిన తర్వాతే పంపండి, బ్యాంకు కాగితాలతో సహా ఇచ్చేయకండి. బుడగల కవరు రెండు చుట్లు చుట్టండి, దారిలో దెబ్బ తగిలినట్టు కనబడితే వారంటీ చెల్లదంటారు. బదులు వచ్చే డిస్కు కొత్తదే కావాలని లేదు, బాగుచేసి పరీక్షించిందీ రావచ్చు, లేబుల్ మీద ఆ మాట ఉంటుంది. దానికీ అదే మర్యాద: బిగించిన రోజే 09 చూడండి, పూర్తి ఫార్మాట్ ఒకసారి, పెద్ద పరీక్ష ఒకసారి, ఆ తర్వాతే దానిలో ఏదైనా పెట్టడం. తలుపు బిగించే ముందు డిస్కు లేబుల్ ఫొటో ఒకటి ఫోనులో తీసి పెట్టుకోండి. సీరియల్ నంబరు ఎప్పుడూ లోపలి వైపుకే తిరిగి ఉంటుంది, కావాల్సినప్పుడు కంప్యూటరంతా విప్పాల్సి వస్తుంది.